ముప్పై ఆరు నలుపులు

జగ్గయ్యపేటలో నేను డి.టి.పి. సెంటర్ పెట్టుకున్నప్పుడు ప్రింటర్ సంగతులు నేర్పడానికి నాకు ఎవరూ లేరు. అంతకుముందు పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసేవాడిని. మిల్లు యజమాని లెక్కల కోసమని ఒక కంప్యూటర్ కొని, దుమ్ము పడకుండా దాని మీద తువ్వాలు కప్పించి పెట్టారు. ఆ తువ్వాలు తీసి దాన్ని ముట్టుకునే ధైర్యం నేను తప్ప ఎవరూ చేయలేదు. ముందు లెక్కలు అందులోకి ఎక్కించాను. తర్వాత తెలుగు టైపింగ్ నేర్చుకున్నాను. తొంభైల చివర్లో మిల్లు మానేసి, బస్టాండుకి వెళ్లే రోడ్డులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, విత్తనాల కొట్లకు బిల్లు పుస్తకాలు, చర్చి కూడికలకు కరపత్రాలు చేసేవాడిని. అక్షరాలతో నాకు పెద్దగా ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా ఫొటోలతోనే.

అక్షరం ఎంత పెద్దదైనా ప్రింటరుకి బరువు కాదు. దాని ఆకారం ఎలా గీయాలో తెలుసు కాబట్టి గీసేస్తుంది. ఫొటో అలా కాదు. స్కానర్ దాన్ని చుక్కలు చుక్కలుగా విడగొట్టి, ఒక్కో చుక్క ఎంత నల్లగా ఉందో ఒక అంకె వేసుకుంటుంది. అంగుళానికి మూడు వందల చుక్కలు తీసుకుంటే చదరపు అంగుళానికి తొంభై వేల అంకెలు. ఆరు వందలు తీసుకుంటే అది రెట్టింపు కాదు, నాలుగింతలు. ఈ నాలుగింతల సంగతి తెలియక మొదట్లో నేను చాలా కాగితం పాడుచేశాను. చుక్కలు ఎంత ఎక్కువైతే బొమ్మ అంత బాగుంటుందని అందరిలాగే నేనూ నమ్మాను. ప్రింటర్ లోపలి కొద్దిపాటి మెమరీ నిండిపోయి, పెళ్లికొడుకు ముక్కు దాకా వచ్చి, మిగతా ముఖం తెల్లకాగితంగా బయటపడేది.

నా పని ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీయడంతో అయిపోయేది. దాన్ని గొట్టంలా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, నందిగామ మీదుగా వెళ్లే బస్సులో కండక్టరుకి అప్పగించేవాడిని. నందిగామ బస్టాండులో ఆఫ్‌సెట్ ప్రెస్సు మనిషి వచ్చి తీసుకునేవాడు. అక్కడ ఆ ట్రేసింగ్ నుంచి ప్లేటు చేసి కాగితాల మీద అచ్చు వేసేవారు.

ప్రెస్సు యజమాని నాకంటే బాగా పెద్ద. కిరాణా హోల్‌సేల్ కుటుంబంలో పుట్టి, కొట్టు అన్నదమ్ములకు వదిలేసి, అచ్చు పని మీద ఇష్టంతో ఇందులోకి వచ్చినవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాడిని. సీసపు అక్షరాలు పేర్చిన రోజుల నుంచి ఉన్న చెయ్యి ఆయనది. ట్రేసింగ్ మీద గీత తెగితే సన్నటి పెన్నుతో కలిపేవాడు. నలుసు పడితే బ్లేడుతో గీకేవాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఫొటోల్లో కళ్లు తెరిపించడం ఒక ఎత్తు. ఫ్లాష్ వెలిగేసరికి కళ్లు ఆర్పినవాళ్ల ఫొటోలు మా దగ్గరికి తరచు వచ్చేవి. పోయినవాళ్ల కార్డులకైతే మరీను, ఇంట్లో ఉండేది ఆ ఒక్క ఫొటోనే. బాబాయ్ మూసుకున్న రెప్ప మీద బ్లేడు మొనతో గీకి తెల్లగుడ్డు తెప్పించి, పెన్నుతో మధ్యలో పాప పెట్టేవాడు. కార్డు చూసిన కుటుంబం వాళ్లు, నాన్న మమ్మల్నే చూస్తున్నట్టున్నాడు అని కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఎవరూ చెప్పకపోయినా ఆయన ఆ పని చేసేవాడు. చేశానని ఎవరికీ చెప్పేవాడు కాదు. మా చుట్టుపక్కల అచ్చు పనిలో ఉన్నవాళ్లందరికీ అది మర్యాద కింద లెక్క.

పత్తి తీతలు సాగుతున్న రోజుల్లో ఒక ఉదయం, నేను షట్టరు ఎత్తుతుండగానే ఒక టీచరు గారు వచ్చి నిలబడ్డారు. పక్క ఊళ్లో బడిలో పనిచేసేవారు. వాళ్ల చర్చి కరపత్రాలు నేనే చేసేవాడిని కాబట్టి ముఖపరిచయం ఉంది. తమ్ముడు కనపడడం లేదని చెప్పారు.

ఆ తమ్ముడికి ముప్పై దాటాయి, మనసు మాత్రం ఐదేళ్ల దగ్గర ఆగిపోయింది. మాట వింటాడు, చెప్పిన పని చేస్తాడు, తిరిగి మాట్లాడలేడు. తల్లిదండ్రులు పోయాక అక్క దగ్గరే ఉంటున్నాడు. అతనికి లారీలంటే ఇష్టం. చిల్లకల్లు దగ్గర హైవే మీద లారీలు ఆగే హోటళ్లున్నాయి. అక్కడికి వెళ్లి చక్రాలు పట్టుకు చూస్తూ నిలబడేవాడు. డ్రైవర్లకు అలవాటైపోయి టీ ఇప్పించేవారు, పొద్దుగూకేసరికి ఇంటికి వచ్చేసేవాడు. ఆ వారం మాత్రం రాలేదు. లారీ ఎక్కడం చూశానని ఒక హోటలతను అన్నాడు. ఆ లారీ కోదాడ వైపు వెళ్లిందో విజయవాడ వైపు వెళ్లిందో అతను చూడలేదు. పోలీసు కంప్లయింటు ఇచ్చారు. చుట్టాలు రెండు వైపులా తిరిగి వచ్చారు.

ఆమె ఒక కాగితం మీద వివరాలు రాసుకొచ్చారు. వయసు, ఎత్తు, నీలం చొక్కా, ఖాకీ నిక్కరు. పేరు పెద్ద అక్షరాల్లో వేద్దామని నేనంటే ఆమె తల అడ్డంగా ఊపారు.

"పేరు ఎంత పెద్దగా వేసినా లాభం లేదండి. నీ పేరేంటని ఎవరైనా అడిగితే వాడు చెప్పలేడు. ఏ ఊరంటే చెప్పలేడు. బొమ్మ చూసే పట్టుకోవాలి."

ఆ బొమ్మ దగ్గరే చిక్కు. అతనికి కెమెరా అంటే భయం. ఇంట్లో ఉన్నది ఒక్కటే, చర్చి ముందు క్రిస్మస్ నాడు సంఘమంతా కలిసి తీయించుకున్న గ్రూపు ఫొటో. తెల్లచొక్కాలు, తెల్లచీరలు, సున్నం కొట్టిన గోడ. చివర వరుసలో ఒక కొసన అతను. ముఖం బొటనవేలి గోరంత. మనిషి బాగా నలుపు. ఫొటో తీసినతను అంత తెలుపుకి సరిపడా కెమెరా పెట్టుకున్నాడు కాబట్టి ఆ గోరంత ముఖం చీకట్లో ఉంది.

అంత చిన్న ముఖాన్ని మూడు అంగుళాలకు పెంచాలి. నేను స్కానరులో అన్నిటికంటే ఎక్కువ అంకె పెట్టి తీశాను. స్క్రీన్ మీద ముఖం వచ్చింది. టీచరు గారు కుర్చీలోంచి లేచి వచ్చి స్క్రీన్ మీద చెయ్యి పెట్టి, వాడేనండి అన్నారు. ప్రింటు ఇస్తే కనుబొమల దాకా వచ్చి ఆగిపోయింది. ప్రింటరు మీద ఎర్ర దీపం వెలిగింది. కారణం నాకు తెలిసిందే, బరువు. చుక్కల సంఖ్య తగ్గించి మళ్లీ ఇచ్చాను. ఈసారి ముఖం మొత్తం వచ్చింది, కానీ మసిబొగ్గు ముద్దలా వచ్చింది. కన్నెక్కడో ముక్కెక్కడో తెలియదు. స్క్రీన్ వెనక దీపం ఉంటుంది, కాగితం వెనక ఉండదు.

అలాంటప్పుడు మేమంతా చేసే పని ఒకటే, బ్రైట్‌నెస్ పెంచడం. పెళ్లికార్డుల వాళ్లు ఎలాగూ అదే అడిగేవారు, అమ్మాయిని కొంచెం తెల్లగా రానివ్వండి అని. పెంచాను. ముద్ద బూడిదైంది. ఇంకా పెంచాను. చొక్కా, గోడ, ఆకాశం కలిసిపోయి మాయమయ్యాయి. వాటి మధ్య ఎవరిదో పాలిపోయిన ముఖం. టీచరు గారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, మావాడు కాదండి, జబ్బుపడిన వేరే మనిషిలా ఉన్నాడు అన్నారు. మళ్లీ తగ్గించాను. మధ్యాహ్నం దాటింది. ఆమె గడియారం చూడడం, రోడ్డు వైపు చూడడం నాకు కనపడుతూనే ఉంది. ప్రతి లారీకీ ఆమె తల తిరుగుతోంది. నలుపుకీ బూడిదకీ మధ్య ఎక్కడో ఒకచోట ఆపి, ఇంతకంటే రాదండి అన్నాను. ఆమె సరేనన్నారు. ట్రేసింగ్ తీసి బస్సుకి ఇచ్చాను. అచ్చయిన కరపత్రాలను ఆమె నందిగామలోనే తీసుకుని, తమ్ముళ్ల వరసయ్యేవాళ్లు ఇద్దరితో హైవే పొడుగునా అంటిస్తానని వెళ్లారు. అచ్చయిన కాగితం నేను చూడలేదు. ఏ పనిలోనూ చూసే అలవాటు మాకు లేదు. ట్రేసింగ్ వెళ్లాక నా దగ్గర వేరే పని ఉండేది.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. కోదాడ దగ్గర ఒక లారీ క్లీనరు కనపడ్డాడట. ఒక కన్ను వాలిన మనిషిని, మాట రానివాడిని, నందిగామ దాటాక ఒకచోట దింపడం చూశానన్నాడట. ఆమె కరపత్రం చూపిస్తే, ఈయన కాదమ్మా, ఆయన వేరే అని చెప్పి వెళ్లిపోబోయాడట. ఆమె వెంటపడి అడిగితే చొక్కా రంగు, నిక్కరు, చక్రాలు తడిమి చూసే అలవాటు, అన్నీ సరిగ్గా చెప్పాడు. దింపిన చోటు మాత్రం రాత్రిపూట కావడంతో గుర్తులేదన్నాడట.

"మా ఇంట్లో అందరం చూసామండి. సంఘంలోవాళ్లూ చూసారు. వాడే అన్నారు అందరూ. అసలు వాడికంటే బాగున్నాడని కూడా అన్నారు."

అని కరపత్రం నా బల్ల మీద పెట్టారు. అప్పుడు చూశాను. ముఖం మసకగానే ఉంది, కళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. రెండూ నిండుగా తెరుచుకుని, సమానంగా, చూసేవాళ్ల వైపు నిలిచి ఉన్నాయి. నేను పంపిన ట్రేసింగులో ఆ కళ్లు లేవు.

మీ తమ్ముడి కన్ను వాలి ఉంటుందా అని అడిగాను. ఎడమ రెప్ప పుట్టినప్పటి నుంచి సగం మూసుకుని ఉంటుందన్నారు. ఆ మాట వివరాల్లో లేదు. దాచాలని కాదు. ఇంట్లోవాళ్లకి అది గుర్తు కాదు, అది అతని ముఖం. పొద్దున లేస్తే చూసే ముఖంలో ఏది వింతో వాళ్లకి తెలియదు. అచ్చు చూసినవాళ్లంతా అతన్ని ఎరిగినవాళ్లే కాబట్టి ఆ మసకలోనూ వాళ్లకి అతనే కనపడ్డాడు. అసలు కనపడాల్సింది ఎరగనివాళ్లకి.

అదే బస్సులో ఇద్దరం నందిగామ వెళ్లాం. ప్రెస్సులో మిషను నడుస్తోంది. బాబాయ్ నన్ను చూసి నవ్వాడు.

"ఏం అబ్బాయ్, ఎప్పుడూ కండక్టర్నే పంపించేవాడివి, ఇవాళ నిన్నే చుట్టి పంపించారా?"

కరపత్రం ఆయన ముందు పెట్టి, ఈ కళ్లు మీరు పెట్టారా బాబాయ్ అని అడిగాను.

"నేను కాక నీ ప్రింటర్ పెట్టిందా? వెలుతురికి పెట్టి చూస్తే ఒక కంట్లో తెలుపుంది, రెండోదాంట్లో లేదు. కన్ను ఆర్పేసాడు పాపం. అలాగే వేస్తే తప్పిపోయినవాడు కాస్తా పోయినవాడిలా ఉంటాడని తెరిపించా. మీసం కూడా కొంచెం సరిచేసా. ఏం, బాలేదా?"

టీచరు గారు నెమ్మదిగా చెప్పారు. "ఆర్పలేదండి. వాడి కన్నే అంత."

బాబాయ్ ఆమె వైపు చూశాడు. అప్పటిదాకా ఆమె ఎవరో ఆయనకు తట్టలేదు. కరపత్రం తీసుకుని కళ్లజోడు పైకి నెట్టి, ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. మిషను ఆపమని లోపలికి చెప్పాడు. అది ఆగాక ఆయనే, ఇవాళ రేపు ఏ పనీ ఎక్కించను, ట్రేసింగ్ ఎప్పుడు తెచ్చినా వేస్తా, పెన్ను ముట్టుకోను అన్నాడు. ఎవరూ చెప్పలేదమ్మా అని మధ్యలో ఒకసారి అన్నాడు కానీ, ఆ మాట ఆయనకే నచ్చనట్టు ఆపేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఆయన పెన్ను తీసేస్తే సరిపోదు. ఆయన పెన్ను పట్టుకున్నది నా ట్రేసింగులో ముఖం లేకపోబట్టి. అది ఎందుకు లేదో తేలాలి.

లేజర్ ప్రింటరుకి బూడిదరంగు తెలియదు. దానికి తెలిసింది నలుపు ఒక్కటే. చుక్క పెడుతుంది, లేదా వదిలేస్తుంది. బూడిదరంగు కావలసినచోట ఒక చిన్న గడిలో కొన్ని చుక్కలు పెట్టి, కొన్ని వదిలేసి, కంటిని నమ్మిస్తుంది. నా ప్రింటర్ అంగుళానికి ఆరు వందల చుక్కలు పెట్టగలదు. నేను అప్పటిదాకా అంగుళానికి వంద గడులు పెట్టుకుని ప్రింట్లు తీస్తున్నాను, బొమ్మ నున్నగా వస్తుందని. అంటే ఒక్కో గడికి అడ్డంగా ఆరు చుక్కలు, నిలువుగా ఆరు. ఏమీ పెట్టని తెలుపును పక్కనబెడితే నా దగ్గర మొత్తం ముప్పై ఆరు నలుపులున్నాయి. చర్చి గోడ, చీరలు, చొక్కాలు, ఆకాశం కలిసి వాటిలో ముప్పై దాకా పట్టుకుపోయాయి. కొసన నిలబడ్డ ఆ మనిషి ముఖానికి చివరి ఐదో ఆరో మిగిలాయి. నుదురు, చెంప, ముక్కు, గడ్డం, వాలిన రెప్ప, ఇంతా ఆ ఐదారిటితో చెప్పాలి. అక్కడితో అయిపోలేదు. కరపత్రాల చౌక కాగితం ఇంకును పీల్చుకుంటుంది, మిషను మీద ఒక్కో చుక్కా ఉబ్బుతుంది. ఆ ఐదారు నలుపులూ ఉబ్బి ఒక్కటే నలుపైపోతాయి. బ్రైట్‌నెస్ పెంచినప్పుడు నేను చేసింది ఆ కట్టను అలాగే ఎత్తి వేరేచోట పెట్టడం. ఐదు ఐదుగానే ఉన్నాయి. అందుకే అతను తెల్లబడ్డాడు గానీ కనపడలేదు.

షాపుకి రాగానే మళ్లీ స్కాన్ చేశాను. ఈసారి గ్రూపు ఫొటోలోంచి అతని ముఖం, మెడ మాత్రమే కత్తిరించాను. గోడా చొక్కా తెల్లకాగితమైపోతే పోనిమ్మని వదిలేశాను. అంకెల్లో చివరికి ఇరుక్కున్న ఆ కొద్ది నలుపులనూ లాగి, మొత్తం పొడుగునా పరిచాను. అయినా మనిషి నల్లగానే ఉండేలా చూశాను. తర్వాత వంద గడులను అరవైకి తగ్గించాను. గడికి పది చుక్కలు అడ్డం, పది నిలువు, నూరు నలుపులు. గడులు పెద్దవై బొమ్మ మీద ఆవగింజల్లా చుక్కలు కనపడ్డాయి. నున్నదనం పోయింది. పెళ్లికార్డైతే నా ముఖాన కొట్టేవారు. కానీ ఇది చేతిలో పట్టుకు చూసే కాగితం కాదు, స్తంభం మీద నాలుగడుగుల దూరం నుంచి చూసేది. గోడకు అంటించి వెనక్కి నడిచి చూశాను. ఎడమ రెప్ప వాలి ఉంది.

టీచరు గారు చూసి ఏడ్చారు. అయినా ఆమె మాట నేను లెక్కలోకి తీసుకోలేదు. నా మాట కూడా తీసుకోలేదు, అప్పటికి నాకూ ఆ ముఖం అలవాటైపోయింది. గ్రూపు ఫొటో, పాత కరపత్రం పట్టుకుని బస్టాండులో జామకాయల బండి ఆమె దగ్గరికి వెళ్లి, ఈ కాగితంలో మనిషి ఈ ఫొటోలో ఎక్కడున్నాడో చూపించమని అడిగాను. ఆమె వెతికి వెతికి, మధ్య వరుసలో పాస్టరు గారి పక్కనున్న ఒక కుర్రాడి మీద వేలు పెట్టింది. కొత్త ప్రింటు మడత పెట్టి జేబులోనే ఉంది. సైకిల్ స్టాండు అతన్ని అడిగినప్పుడు దాన్ని చూపించాను. అతను వరుసల మీద వేలు నడిపించుకుంటూ పోయి కొసన ఆపాడు. "ఈయనేగా. కన్ను చూడండి, అలా వాలిపోయి ఉంది." ఇంకొందరిని అడిగాను. ఒక్కరు తప్ప అందరూ అక్కడే ఆపారు.

ఆ ట్రేసింగ్ నేను కండక్టరుకి ఇవ్వలేదు. తీసుకెళ్లి, ప్లేటు అయ్యేదాకా, మొదటి కాగితం మిషను మీంచి దిగేదాకా అక్కడే నిలబడ్డాను. బాబాయ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూశాడు.

కంచికచర్ల దాటాక పరిటాల వైపు కొండలు పగలగొట్టే క్రషర్లున్నాయి. వాటిలో ఒకదానిలో కూలీలకు వంట చేసే ఆమె కూరగాయలకని నందిగామ వచ్చి, మార్కెట్ గోడ మీద కొత్త కరపత్రం చూసి, టెలిఫోన్ బూతు నుంచి ఫోన్ చేయించింది. మర్నాడు టీచరు గారు, ఆమె తమ్ముడి వరసైన ఒకతను, నేను వెళ్లాం. నన్నెందుకు రమ్మన్నారో నేను అడగలేదు.

అతను రాళ్లు మోస్తున్నాడు. రాతిపొడి పేరుకుని ముఖం, జుట్టు, చేతులు తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపులో మొదట అక్క కూడా గుర్తుపట్టలేదు. అతనే బుట్ట కింద పడేసి వచ్చాడు. ఆమె చెంగుతో అతని ముఖం తుడుస్తూ నిలబడ్డారు. మడమకు గోనెగుడ్డ కట్టి ఉంది, గుడ్డ కింద పుండు. రాత్రిళ్లు రేకుల షెడ్డులో పెట్టి బయట గడియ వేసేవాళ్లని వంటామె చాటుగా చెప్పింది.

అక్కడి కూలీల మేస్త్రీ గాబరాపడలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. లారీవాళ్లెవరో దింపిపోయారని, ఎవరూ లేనివాడని జాలిపడి తిండి పెట్టామని, చేతనైన పని చేస్తున్నాడని చెప్పాడు. గడియ ఎందుకు వేశారంటే, లారీ కనపడితే చక్రాల దగ్గరికి పరిగెడుతున్నాడు, రాత్రిపూట దాని కింద పడితే ఎవరిది పూచీ అన్నాడు. అది అబద్ధమని మాలో ఎవరం అనలేకపోయాం. ఆ తర్వాత లేచి షెడ్డు గోడ చూపించాడు. క్యాలెండరు పక్కన మా మొదటి కరపత్రం అంటించి ఉంది.

"మేమూ చదివామండి. చదివి, ఇతన్ని పక్కన నిలబెట్టి పోల్చి చూసాం కూడా. మీరు వేసినాయనకి రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. ఇతనికి ఒకటి మూసుకుని ఉంది. ఎలా అనుకుంటాం, మీరే చెప్పండి టీచర్ గారూ."

ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని లేచారు. అక్కడి నుంచి తిన్నగా పోలీసు స్టేషనుకి వెళ్లాం. కూలి ఇవ్వకుండా ఉత్త తిండి పెట్టి చాకిరీ చేయించుకున్నాడని, తెలిసే దాచాడని చెబితే రాసిమ్మన్నారు, ఆమె రాసిచ్చారు. ఎస్సై గారు మేస్త్రీని పిలిపించారు. అతను వస్తూ గోడ మీది కరపత్రం జాగ్రత్తగా ఊడదీసి తెచ్చాడు. మా రెండో కరపత్రం మా దగ్గరుంది. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి, వాటి ముందు టీచరు గారి తమ్ముణ్ణి నిలబెట్టారు.

ఆ మొదటిది ఎలా అలా అయిందో చెప్పడానికి నేను లేచాను. గడుల సంగతి, ముప్పై ఆరు నలుపుల సంగతి, ఇంకు ఉబ్బడం, ప్రెస్సులో కళ్లు పెట్టడం, అన్నీ వరసగా చెప్పాను. ఎస్సై గారు విసుక్కోలేదు. అర్థం కానిచోట ఆపి అడిగారు కూడా. పెన్నుతో కాగితం మీద గడి గీసి చూపిస్తే చూశారు. అంతా విన్నాక మొదటి కరపత్రం నా వైపు తిప్పారు.

"మీరు చెప్పింది నాకు అర్థమైందండి. ఈ బొమ్మ ఇతనిది కాకుండా పోయిందనే కదా మీరు చెప్తోంది? అతను చెప్తోందీ అదే."

నేను కూర్చున్నాను. నా లెక్కలో తప్పు లేదు. అది పోయి మేస్త్రీ చేతిలో పడింది, అంతే. నేను ఎంత వివరంగా చెప్పానో అతను అంత నిర్దోషి అయ్యాడు. బాబాయ్‌ని సాక్ష్యానికి పిలిచినా ఆయన చెప్పేదీ అదే అవుతుంది కాబట్టి పిలవలేదు. మడమ పుండుకు మందులు కొనిస్తానని మేస్త్రీ ఒప్పుకున్నాడు. కాగితాల మీద సంతకాలు అయ్యాయి. బయటికి వచ్చేటప్పుడు అతను టీచరు గారి తమ్ముడి భుజం తట్టాడు. ఇతను చప్పున తల దించుకున్నాడు. అది భయమో, అలవాటో, ఎండకో, చెప్పడానికి ఆ మనిషికి మాట లేదు.

తర్వాత అతను అక్క ఇంట్లోనే ఉన్నాడు. దగ్గు చాలాకాలం వదల్లేదు. తలుపు గడియ పడిన చప్పుడు వింటే లేచి నిలబడేవాడని, అందుకని రాత్రిళ్లు తలుపు దగ్గరగా వేసి కుర్చీ అడ్డం పెట్టుకుంటున్నామని టీచరు గారు చెప్పారు. హైవే వైపు వెళ్లడం మానేశాడట. ఇంటి ముందు లారీ హారన్ వినపడితే లోపలి గదిలోకి వెళ్తాడట.

ఇది నన్ను ఇన్నేళ్లుగా ఇబ్బంది పెడుతోంది. మొదటి కరపత్రం సరిగ్గా వచ్చి ఉంటే రెండింటిలో ఒకటి జరిగేది. మేస్త్రీ చూసి కబురు పంపేవాడు, మంచివాడని తెలిసేది. లేదా చూసి కూడా ఊరుకునేవాడు, దొంగ అని తెలిసేది. ఏది జరిగినా ఒక జవాబు ఉండేది. రెండు నలుపుల మధ్య తేడా చూపించలేని ఒక కాగితం ఆ జవాబును లేకుండా చేసింది. నేను తర్వాత ఎన్నో ప్రింటర్లు మార్చాను. ఇప్పటివాటికి అసలు ఆ గడుల బాధే లేదు. కానీ ఈ లెక్క మాత్రం ఏ వైపు నుంచి వేసినా తేలలేదు.

రెండేళ్ల తర్వాత టీచరు గారు క్రిస్మస్ కూడిక కరపత్రం చేయించుకోవడానికి వచ్చారు. ప్రూఫు చూస్తూ చూస్తూ ఆపి, విజయవాడ బస్సులో మేస్త్రీ ఎదురయ్యాడని చెప్పారు. అతనే లేచి సీటు ఇచ్చాడట. తమ్ముడు బాగున్నాడా టీచర్ గారూ, దగ్గు తగ్గిందా అని అడిగాడట.

"నమస్తే పెట్టాడండి. తిరిగి పెట్టాలో, మొహం తిప్పుకోవాలో తెలియలేదు."

మీరేం చేశారని అడిగాను.

"సీట్లో కూర్చున్నా," అన్నారామె. "నందిగామ దాకా నిలబడే వచ్చాడు."

ప్రూఫులో ఒక తప్పు చూపించి, అది సరిచేయమని కాగితం నా వైపు జరిపారు.